డుబ్రోవ్నిక్‌లో బస: మ్యాప్‌లో 400 మీటర్లు, మోకాళ్లకు 300 మెట్లు

"అమ్మానాన్నలతో వస్తున్నామండీ. కోటకు 400 మీటర్లలో అపార్ట్‌మెంట్ దొరికింది, సీ వ్యూ కూడా ఉంది, రేటింగ్ బాగుంది. బుక్ చేసేశాం, ఒకసారి చూసి చెప్పండి."

ఏప్రిల్ వచ్చిందంటే క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో బస గురించి మాకు ఇలాంటి మెసేజ్‌లు వరస కడతాయి. ఎక్కువగా జర్మనీ, ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో ఉద్యోగాలు చేస్తూ ఊరి నుంచి తల్లిదండ్రుల్ని పిలిపించుకున్న పిల్లలు పంపుతారు. అడ్రస్ తెరిచి చూస్తే ఆ ఇల్లు కొండ మీది యాద్రాన్‌స్కా హైవే పక్కనో, జాగ్రెబాచ్కా వీధికి పైనో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజుకు రెండుసార్లు అక్కడికి ఎక్కి దిగాలి. చాలాసార్లు అప్పటికే ఫ్రీ క్యాన్సిలేషన్ గడువు కూడా దాటిపోయి ఉంటుంది. డబ్బు పోతుంది, లేదంటే అమ్మ మూడు రోజులూ గదిలోనే కూర్చుంటుంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తున్నాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: మ్యాప్‌లో దగ్గరగా ఉంటే దగ్గరే

వాస్తవం: డుబ్రోవ్నిక్‌లో దూరాన్ని మీటర్లలో కాదు, మెట్లలో లెక్కపెట్టాలి.

అందరూ కోట అనేది రాతి గోడల మధ్యనున్న పాత నగరాన్ని. దానికి సరిగ్గా వెనకే 412 మీటర్ల స్రజ్ కొండ నిలబడి ఉంది. నగరం నడుమనున్న పెద్ద వీధి స్ట్రాడున్ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంటుంది. గోడల లోపలి ఊరు దోసిలిలా ఉంటుందనుకోండి: మధ్యలో స్ట్రాడున్, ఉత్తరాన, దక్షిణాన పైకి లేచిన వాలు. గోడ దాటి ఉత్తరానికి వెళ్తే కొండ ఇంకా నిటారుగా లేస్తుంది. ఆ కొండ మీద రోడ్లు ఒకదాని పైన ఒకటి అడ్డంగా సాగుతాయి. ఒక రోడ్డు నుంచి ఇంకో రోడ్డుకు వెళ్లే దారి మెట్లే. బుకింగ్ సైట్లు చూపే దూరం ఎక్కువగా గీత గీసి కొలిచినదే. ఆ గీతకు కొండ తెలియదు.

లెక్క తేలికే. మెట్టు ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి ఆరు మెట్లు. ఇల్లు స్ట్రాడున్ కంటే 50 మీటర్ల ఎత్తులో ఉంటే 300 మెట్లు. మన అపార్ట్‌మెంట్లలో ఒక అంతస్తుకు 18 నుంచి 20 మెట్లుంటాయి కదా, అలా చూస్తే లిఫ్టు లేని పదిహేనో అంతస్తులో ఇల్లు తీసుకున్నట్టే. ఇంట్లోంచి దిగడం సులువే కదా అనుకోవద్దు, అరిగిన మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ. పైగా ఇక్కడి సున్నపురాయి ఏళ్ల తరబడి అరిగి నున్నగా మెరుస్తుంటుంది. వాన చినుకు పడితే జారుతుంది. రబ్బరు సోలు ఉన్న బూట్లు తప్పనిసరి, చెప్పులతో ఈ మెట్లు వద్దు.

సీ వ్యూ కావాలని అడిగేవాళ్లకు ముందే చెప్తాం. ఈ ఊళ్లో అపార్ట్‌మెంట్ కిటికీలోంచి సముద్రం, ఎర్ర పెంకుల కప్పులు కలిసి కనిపిస్తున్నాయంటే ఆ ఇల్లు గుట్ట మీద ఉన్నట్టే. ఫొటో ఎంత అందంగా ఉంటే మెట్లు అంత ఎక్కువ. సముద్రాన్ని చూస్తూ ఉండాలి, మెట్లు మాత్రం వద్దు అనుకుంటే పాత నగరానికి తూర్పున ప్లోచె వైపు ఫ్రానా సూపిలా రోడ్డు మీద హోటళ్లు చూడండి. అవి రోడ్డు నుంచి సముద్రం వైపు కిందికి కట్టినవి, లోపల లిఫ్టులుంటాయి, అక్కడి నుంచి ప్లోచె ద్వారం దాకా దారి వాలుగానే సాగుతుంది. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

గోడల లోపల తీసుకుంటే ఈ బాధ లేదనుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడా వీధిని బట్టే. స్ట్రాడున్‌కు ఉత్తరాన దానికి సమాంతరంగా ప్రియెకో అనే సన్నవీధి ఉంది. స్ట్రాడున్ నుంచి ప్రియెకో దాకా సందుల్లో కొన్ని మెట్లు, ఫర్వాలేదు. ప్రియెకో దాటి ఉత్తర గోడను ఆనుకున్న పెలినె వీధి దాకా వెళ్లే భాగమే అసలు పరీక్ష. బోష్కోవిచెవా, పాల్మోటిచెవా లాంటి సందుల్లో కింద నిలబడి పైకి చూస్తే మెట్ల వరస తప్ప ఇంకేమీ కనబడదు. రెండు పక్కలా రాతి గోడలు, ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. ఇరవై మూడు కిలోల సూట్‌కేసును చక్రాల మీద లాగే వీలు లేదు, చేత్తో ఎత్తి ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఇంటి తలుపు దాకా వచ్చాక లోపల మళ్లీ నిటారు మెట్లు. పాత నగరంలో ఇళ్లు మూడు నాలుగు అంతస్తుల రాతి కట్టడాలు, లిఫ్టులు అరుదు. దక్షిణాన కూడా సముద్రం వైపు గోడ దగ్గర ఓద్ కాష్టెలా, ఓద్ మార్గరితె చుట్టుపక్కల ఇదే పరిస్థితి.

గోడల లోపల చదునుగా ఉండేది స్ట్రాడున్‌కూ, దానికి దక్షిణాన సమాంతరంగా సాగే ఓద్ పూచా వీధికీ మధ్యనున్న పట్టీ. షిరోకా వీధి కూడా నడవడానికి హాయిగా ఉంటుంది. అక్కడ మొదటి అంతస్తులో ఇల్లు దొరికితే పెద్దవాళ్లతో కూడా ధైర్యంగా తీసుకోవచ్చు. ఒక మాట: గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఎండ తక్కువ, కొన్నింట్లో చెమ్మ వాసన ఉంటుంది. రివ్యూల్లో ఆ మాట వెతికి చూడండి.

బుక్ చేసేముందు ఇంటి యజమానికి మూడు ప్రశ్నలు మెసేజ్‌లో పంపండి. ఫోన్లో కాదు, రాతలో.

ఒకటి, టాక్సీ ఆగే చోటు నుంచి మీ తలుపు దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎన్ని దిగాలి? రెండు, తలుపు నుంచి స్ట్రాడున్ దాకా ఎన్ని? మూడు, భవనం లోపల ఎన్ని? జవాబు అంకెల్లోనే కావాలని అడగండి. "కొద్దిగా మెట్లుంటాయి" అని రాస్తే వదలకండి. అక్కడివాళ్లు పుట్టినప్పటి నుంచీ ఎక్కుతున్న మెట్లు అవి, వాళ్ల "కొద్దిగా" వేరు. నిజాయితీగా "142 మెట్లు" అని చెప్పే యజమానులు చాలామందే ఉన్నారు, అడగాలంతే. మ్యాప్‌లో నడక దారి పెట్టి చూసినప్పుడు ఎక్కాల్సిన ఎత్తు మీటర్లలో కనిపిస్తే దాన్ని ఆరుతో గుణించుకోండి.

మా లెక్కలో పెద్దవాళ్లతో వస్తే 60 మెట్లు దాటకూడదు. పసిపిల్లల స్ట్రోలర్ ఉంటే అసలు మెట్లే వద్దు. పాతికేళ్ల కుర్రాళ్లు బ్యాక్‌ప్యాక్‌తో వస్తున్నారా, పెలినె పక్కన ఇల్లు తీసుకోండి. తక్కువ ధరకు దొరుకుతుంది, ఉదయాన్నే గోడల నీడలో ఆ సందులు చాలా బాగుంటాయి.

ఎయిర్‌పోర్ట్ షటిల్ బస్సు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వచ్చేటప్పుడు అది పాత నగరానికి పడమటి వైపున్న పిలె ద్వారం దగ్గర ఆగి, రేవు ప్రాంతమైన గ్రూజ్‌లోని బస్‌స్టేషన్‌కు వెళ్తుంది. తిరిగి ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లేటప్పుడు సాధారణంగా పిలె దగ్గర కాదు, పైన కేబుల్ కార్ స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటుంది. అంటే గోడల లోపల ఉన్నవాళ్లు లగేజీతో ఉత్తర గోడలోని బూజా ద్వారం దాకా మెట్లెక్కి ఇంకా పైకి పోవాలి. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే ముందు రోజే పిలెకో, ప్లోచెకో టాక్సీ మాట్లాడుకోండి.

అపోహ: లాపాద్ దూరం, అక్కడుంటే ఊరు చూసినట్టే కాదు

వాస్తవం: పిలె ద్వారానికి లాపాద్ అనే సముద్రతీర పేట మూడు కిలోమీటర్ల పైచిలుకు. 6వ నంబరు బస్సు పిలె నుంచి లాపాద్ పోస్టాఫీసు మీదుగా బాబిన్ కుక్ దాకా వెళ్తుంది, 4వ నంబరు కూడా లాపాద్ వైపే. ట్రాఫిక్ లేకపోతే పావుగంట. టికెట్ కియోస్క్‌లో కొనండి, డ్రైవర్ దగ్గర ఎక్కువ. పోస్టాఫీసు స్టాపు నుంచి సముద్రం దాకా షెతాలిష్టె క్రాల్యా జ్వోనిమీరా అనే కాలిబాట ఉంది, బండ్లు తిరగవు, దాదాపు చదును. దాని రెండు పక్కలా ఇళ్లు, హోటళ్లు, సూపర్‌మార్కెట్లు. అమ్మానాన్నలు సాయంత్రం నడకకు వాళ్లంతట వాళ్లే వెళ్లి రాగలరు. వంట చేసుకునే కుటుంబాలకు పాత నగరం కంటే ఇదే నయం, సరుకులూ చవక. కానీ ఆ కాలిబాట వదిలి పక్క గుట్టల మీదికి వెళ్తే లాపాద్‌లోనూ మెట్లే. పైన చెప్పిన మూడు ప్రశ్నలు ఇక్కడా అడగాలి.

పాత నగరం గోడల మీద నడిచే రోజు విడి టికెట్ కొనకుండా ఒకరోజు డుబ్రోవ్నిక్ పాస్ ధర చూడండి. గోడల టికెట్ ధరకు దాదాపు సమానంగానే ఉంటుంది, బస్సులు, మ్యూజియంలు కూడా అందులోనే వస్తాయి. లాపాద్‌లో ఉన్నవాళ్లకు ఆ రోజు బస్సు ఖర్చు లేనట్టే.

గ్రూజ్ రేవు దగ్గర ఉండకూడదు, క్రూయిజ్ ఓడల గోల అనే మాట కూడా వినిపిస్తుంది. ఓడల జనం పొద్దున దిగి నేరుగా పాత నగరానికి పోతారు, సాయంత్రానికి తిరిగెళ్తారు. గ్రూజ్‌లో కూరగాయల మార్కెట్, బస్‌స్టేషన్, మ్ల్యెట్, కోర్చులా దీవులకు వెళ్లే పడవలు అన్నీ నడక దూరంలో ఉంటాయి. రేవు వెంట రోడ్డు చదును. మర్నాడు పొద్దున్నే పడవ ఉన్నవాళ్లు అక్కడే ఉండాలి.

అపోహ: బోర్డర్ దాటి ఉంటే సగం ధరకు వస్తుంది

వాస్తవం: ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ గ్రూపుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. బోస్నియాలోని త్రెబినె దగ్గర్లోనే ఉంది, మోంటెనెగ్రోలోని హెర్సెగ్ నోవి కూడా మరీ దూరమేం కాదు, గది చవకే. కానీ క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో) ఉంది, ఆ రెండు దేశాలు లేవు. మీ వీసా స్టిక్కర్ మీద ప్రవేశాల గడిలో 01 అని ఉంటే క్రొయేషియా దాటి బయటికి వెళ్లాక తిరిగి రాలేరు. మీ రిటర్న్ ఫ్లైట్ డుబ్రోవ్నిక్ నుంచో, జాగ్రెబ్ నుంచో అయితే పరిస్థితి ఊహించుకోండి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మీకు ఇబ్బంది లేకపోవచ్చు, కానీ మీతో వచ్చే నాన్నగారి వీసా వేరు. ముందు ఆయన స్టిక్కర్ చూడండి. మల్టిపుల్ ఎంట్రీ ఉన్నా వేసవిలో బోర్డర్ దగ్గర గంటల తరబడి క్యూలు ఉంటాయి. మిగిల్చిన డబ్బు కారులోనే కరిగిపోతుంది. మోంటెనెగ్రోలోని కోతోర్, బోస్నియాలోని మోస్తార్ వన్‌డే టూర్లకూ ఇదే నియమం.

క్రొయేషియాలోనే ఉన్న స్ప్లిట్ నగరం నుంచి బస్సులో వచ్చేవాళ్లు టికెట్ కొనేముందు ఒక మాట అడగండి. 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక బోస్నియా నేల తొక్కకుండానే డుబ్రోవ్నిక్ చేరవచ్చు. నెయుమ్ మీదుగా వెళ్లే బస్సయితే మాత్రం అది బోస్నియా. సింగిల్ ఎంట్రీ వాళ్లు వంతెన మీదుగా వెళ్లేదే ఎక్కాలి.

మిగతావి క్లుప్తంగా

"రైల్వే స్టేషన్ దగ్గర హోటల్ చూడండి" అని అడుగుతుంటారు. డుబ్రోవ్నిక్‌కు రైలు లేదు. యూరప్ రైలు పాస్ కొన్నా ఇక్కడికి రావాలంటే బస్సు, పడవ, విమానం, కారు, అంతే.

చక్రాల సూట్‌కేసు లాగితే జరిమానా వేస్తారన్న వార్త 2023 వేసవిలో ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ మాకు స్క్రీన్‌షాట్లు పంపి కంగారుపడుతున్నారు. రాతి వీధుల్లో చప్పుడు కాకుండా సూట్‌కేసు ఎత్తి పట్టుకోండని నగరం ఒక అవగాహన వీడియోలో కోరింది. అది విన్నపం. పెద్దవాళ్లు భయపడాల్సిన పనిలేదు. రాత్రి పది దాటాక మాత్రం ఎత్తి పట్టుకోండి, ఆ కిటికీల వెనక జనం నిద్రపోతుంటారు. బరువు ఎక్కువైతే యజమానిని అడిగితే పోర్టర్‌ను పంపుతారు, ధర ముందే మాట్లాడుకోండి.

అద్దె కారు ఉంటే ఎక్కడైనా ఉండొచ్చన్నది ఖరీదైన భ్రమ. గోడల లోపలికి కార్లు రావు, బయట పార్కింగ్ జోన్లలో గంటల లెక్కన కట్టాలి, గోడకు దగ్గరయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది. కారు తప్పదనుకుంటే సొంత పార్కింగ్ ఉన్న ఇల్లు లాపాద్‌లో చూడండి, లేదా ఎయిర్‌పోర్ట్‌కు దగ్గర్లోని త్సావ్తాత్‌లో దిగండి. అక్కడి తీరం వెంట బాట చదును, సీజన్‌లో పాత నగరం రేవుకు పడవ కూడా ఉంటుంది.

బీచ్ పక్కనే అన్నారు కదా అని ఇసుకను ఊహించుకోవద్దు. ప్లోచె దగ్గరి బాన్యె గులకరాళ్ల తీరం, మిగతా చోట్ల ఎక్కువగా గులకరాళ్లు, బండలు, సిమెంటు గట్లే. పిల్లలకు వాటర్ షూస్ కొనండి, రాళ్ల సందుల్లో కాళ్లకు గుచ్చుకునే సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు) ఉంటాయి.

యజమాని పాస్‌పోర్ట్ ఫొటో అడిగితే మోసమేమో అని చాలామంది బెదిరిపోతారు. వచ్చిన అతిథిని 24 గంటల్లోగా ఈవిజిటర్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయడం అక్కడి చట్టం. అడగని యజమానినే అనుమానించండి. టూరిస్ట్ టాక్స్ మనిషికి రాత్రికి ఇంత అని ఉంటుంది, 12 ఏళ్లలోపు పిల్లలకు లేదు, 18 దాకా సగం. అద్దెలో కలిపారా, విడిగా కట్టాలా అన్నది బుకింగ్ పేజీలో చూసుకోండి.

జులై 10 నుంచి ఆగస్టు 25 దాకా వేసవి ఉత్సవాలు. పాత నగరం చౌరస్తాల్లో రాత్రి పొద్దుపోయేదాకా కచేరీలు, నాటకాలు జరుగుతాయి. సంగీతం ఇష్టమైనవాళ్లకు అంతకంటే మంచి కాలం లేదు. తొమ్మిదింటికే నిద్రపోయే పెద్దవాళ్లుంటే ఆ వారాల్లో గోడల బయటే గది తీసుకోండి.