జీఆర్‌ఈ పదాల బట్టీ: 2011లో మారిందేమిటి?

అమెరికాలో పీజీ, పీహెచ్‌డీ చదువులకు రాసే ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈకి ఇంగ్లిష్ పదాలు బట్టీ పట్టాలా వద్దా అన్న తగువు మళ్లీ మొదలైంది. 2023 సెప్టెంబరులో పరీక్షను గంటా 58 నిమిషాలకు కుదించారు. చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు అసలు స్కోరే అడగడం లేదు. ఇక వర్డ్ లిస్టుతో పనేముందని ఒక పక్షం అంటుంటే, స్కోరు అడిగే చోట్లకు అప్లై చేసేవాళ్లు ఇప్పటికీ ఫ్లాష్‌కార్డులు తిప్పుతూనే ఉన్నారు. ఈ తగువు మూలం పరీక్ష రూపం మారిన 2011 ఆగస్టు 1న ఉంది.

అంతకుముందు ఇంగ్లిష్‌ను పరీక్షించే వెర్బల్ విభాగంలో ఆంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పదాల జంటల మధ్య పోలికలు) ఉండేవి. ఆంటోనిమ్స్‌లో చుట్టూ వాక్యమేమీ లేకుండా ఒంటరిగా ఒక పదం ఇచ్చేవారు. పదం తెలిస్తే మార్కు వచ్చినట్టే. తెలియకపోతే ఊహకు కూడా ఆధారం దొరకదు. గైడ్లు వేసే బ్యారన్స్ వారి 3,500 పదాల జాబితాకు అంత గిరాకీ వచ్చింది అందుకే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన కుర్రాడికైనా కష్టపడితే దక్కే మార్కులవి.

ఈ రెండు రకాల ప్రశ్నలనూ 2007లోనే తీసేద్దామనుకున్న పరీక్ష నిర్వహణ సంస్థ ఈటీఎస్, కొత్త పరీక్షను ఇంటర్నెట్‌లో అందరికీ అందించలేమంటూ అప్పట్లో వెనక్కి తగ్గింది. నాలుగేళ్ల తర్వాత తీసేసింది. విడి పదాలు తెలియడం కన్నా సందర్భంలో అర్థం పట్టుకోవడమే పై చదువులకు అవసరమన్నది సంస్థ వాదన.

దాంతో బట్టీ పోయిందని చాలామంది అనుకున్నారు. కొత్త ప్రశ్నలు చూస్తే అలా అనిపించదు. ఖాళీలు పూరించే టెక్స్ట్ కంప్లీషన్‌లో మూడు ఖాళీలుంటే మూడూ సరిగ్గా నింపాలి, రెండు కుదిరినా మార్కు లేదు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఏరాలి. వాక్యమంతా అర్థమైనా, ఆప్షన్లలోని పదాలు తెలియకపోతే చేతులెత్తేయాల్సిందే. నిజానికి పనికిరాకుండా పోయింది అక్షరక్రమంలో బట్టీ పట్టే పద్ధతి. ఒకే అర్థమున్న పదాలను గుంపుగా నేర్వడం మన అమరకోశం చదువులో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పద్ధతి ఈ పరీక్షకు అచ్చంగా సరిపోతుంది.

2023 మార్పు ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. వెర్బల్ ప్రశ్నలు 40 నుంచి 27కి తగ్గాయి, అంటే ఒక్కో ప్రశ్న బరువు పెరిగింది. మొదటి సెక్షన్‌లో ఉండేవి 12 ప్రశ్నలే, వాటిని ఎలా చేశారన్నదాన్ని బట్టే రెండో సెక్షన్ స్థాయి నిర్ణయమవుతుంది. అక్కడ రెండు మూడు పదాలు తెలియకపోయినా ఆ దెబ్బ చివరిదాకా ఉంటుంది.

బట్టీ వద్దనేవాళ్లు మంచి ఇంగ్లిష్ పత్రికలు చదవమంటారు. చదివితే మంచిదే. ఇంట్లో ఇంగ్లిష్ పత్రిక ఎరగకుండా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదికి వచ్చి, మూడు నెలల్లో పరీక్ష పెట్టుకున్న అమ్మాయికి మాత్రం ఆ సలహా చాలా ఆలస్యంగా అందుతోంది. రోజుకు పాతిక పదాలు, ఒక్కోదానికి సొంతంగా రాసిన ఒక వాక్యం, వారం చివర మళ్లీ మొదటినుంచి తిరగేయడం: ఆ వ్యవధిలో ఆమె చేయగలిగేది ఇదే. ఆ అమ్మాయిని ‘బట్టీ బ్యాచ్’ అని తీసిపారేసేవాళ్లు, స్కూల్లో ఆమెకు ఇంగ్లిష్ పుస్తకాలు చదివించింది ఎవరో కూడా చెప్పాలి.