మామిడి కొమ్మమీది వాండా

చిరంజీవులకు ఆశీస్సులు.

పెరటి మామిడి కొమ్మను పట్టుకొని పెరుగుతున్న మొక్క బదనికేమో, పీకివేయమంటారా అని అడిగారు. పీకవద్దు. బదనిక కొమ్మలోనికి వేరు దించి చెట్టు రసాన్ని పీలుస్తుంది. ఇది వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్. బెరడును పట్టుకొని నిలబడుతుందే కాని చెట్టు సొమ్ము ముట్టదు.

నా చిన్నతనంలో తీర్థాలకు పోయే బాటసారులు రాత్రిపూట మా అరుగుమీద పడుకొనేవారు. అమ్మ అన్నం పెడతానన్నా వద్దని తమ చద్దిమూట విప్పుకొనేవారు. వారు చెప్పే ఊళ్ళ కబుర్లు వింటూ మేము నిద్ర మరిచేవాళ్ళం. ఈ మొక్క కూడా అరుగుమీది బాటసారే; వాన నీరు, మంచు, బెరడుమీద చేరిన ధూళి దాని చద్ది. దుమ్ములా ఎగిరే దాని గింజ మాత్రం మూట లేకుండానే ఇల్లు వదులుతుంది. దారిలో ఒక రకం బూజు చేరదీసి అన్నం పెడితేనే మొలుస్తుంది. అందుకే ఎన్ని గింజలు ఎగిరినా మొలిచేవి బహు కొద్ది.

దీని దాయాది, నీలి వాండా, ఈశాన్యాన ఖాసీ కొండలలోనూ బర్మా వైపునా ఉంటుంది. మన దాని పూవు గోధుమవన్నె గళ్ళతో చిన్నది. దానిది అరచేయంత లేతనీలం. ఆ అందమే దానికి చేటయింది. 1850లో హుకర్ అనే శాస్త్రజ్ఞుడు ఏడుగురు మనుషులు మోసేటన్ని మొక్కలు సేకరించి లండన్ క్యూ తోటకు పంపితే, ప్రాణంతో చేరినవి కొన్నే. అరుగుమీద నిద్రపోతున్న అతిథిని ఎత్తుకుపోవడం ఏం మర్యాద? నచ్చినదల్లా ఇంటికి తెచ్చుకోనక్కరలేదు, నాయనా.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణతో, నీలి వాండాను అడవి నుండి పెరకడాన్ని నిషేధించింది. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం దానిని మొదట అతి కఠినమైన పట్టికలో ఉంచి, తోటలలో పెంపకం విరివి అయ్యాక, 2005లో రెండవ పట్టికకు మార్చింది. మన వాండా కూడా ఆ రెండవ పట్టికలోనిదే. అయినా అడవి నుండి పెరకరాదని మన చట్టం పేరుపెట్టి చెప్పిన మొక్కలలో అది లేదు. దేశంలో చాలాచోట్ల కనిపిస్తుంది కనుక ఎవరికీ పట్టదు. మందుకోసం వేళ్ళు పెరికేవారు ఉన్నారు, పాత చెట్లు కొట్టేవారు ఇంకా ఎక్కువ.

రేపు పొద్దున్నే ఆ కొమ్మ దగ్గరికి వెళ్ళండి. ఎండిన వేళ్ళు వెండిలా ఉంటాయి. చెంబెడు నీళ్ళు చల్లి చూడండి. వాటి రంగు ఏమయిందో, ఎందుకయిందని మీకు తోచిందో నాకు రాయండి.

మీ తాతయ్య