మన్యంలో కరోనా, ఆకలి: అపోహలు - వాస్తవాలు

పాడేరు మన్యంలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో వైద్యసేవలందించే నర్సుగా, కొండ ఊళ్లు తిరుగుతుంటాను. కరోనా వచ్చి ఇన్నేళ్లయినా, మైదానంలో చుట్టాలింటికి వెళ్తే ఆదివాసీల గురించి అవే మాటలు. అందుకే రాస్తున్నాను.

అపోహ: చుట్టూ అడవి ఉంది, వాళ్లకి తిండికి లోటేంటి?

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి మన్యంలో చింతపండు సీజన్. చెట్టు దులిపి, పెంకు, పిక్క తీసి, సంతకి మోసుకెళ్లి అమ్మితేనే ఇంట్లోకి ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, ఎండుచేపలు వచ్చేది. వారానికి ఒక్కసారి జరిగే ఆ సంత ఆగిపోయింది. ఓ బాలింతని చూడ్డానికి వెళ్తే, వాకిట్లో చింతపండు గుట్టగా పోసి ఉంది. లోపల పొయ్యి మీద చోడి (రాగి) అంబలి. గ్లాసుతో నాకూ ఇచ్చారు, ఉప్పు లేదు. "సంత లేదు కదా సిస్టరమ్మా" అంది ఆమె అత్త, తప్పు తనదైనట్టు.

అటవీ ఉత్పత్తుల సేకరణకి కేంద్రం ఏప్రిల్ 16న సడలింపు ఇచ్చింది. మే 1న 49 రకాలకి మద్దతు ధర కూడా పెంచింది. మంచిదే. కానీ బండి రాని ఊళ్లో ధర ఎంత పెరిగితే ఏం లాభం?

ఇంకో సంగతి. వేసవిలో రాని డబ్బుకి ఆకలి వేసవిలోనే కనబడదు. వానలు పడ్డాక పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునే రోజులవి. పిల్లల జబ్బకి టేపు చుట్టి చూస్తాం. 11.5 సెంటీమీటర్లకి తగ్గితే ఎరుపు గీత, అంటే తీవ్ర పోషకాహార లోపం. ఏప్రిల్‌లో పసుపులో ఉన్న పిల్లాడు ఆగస్టుకి ఎరుపులోకి జారడం నా చేతుల్తో కొలిచి చూశాను.

అపోహ: ఉచిత బియ్యం ఇచ్చారుగా, ఇంకేం కావాలి?

మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కుటుంబానికి కిలో పప్పు ఉచితంగా వచ్చాయి. అవే లేకపోతే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదో. అయితే గర్భిణికి కడుపు నిండితే చాలదు, రక్తం పట్టాలి. గుడ్డు, ఆకుకూర, చిక్కుళ్లు కావాలి. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో నామమాత్రం. ఆ చోళ్లు పండించే ఇంటికే అప్పుడు మనం బియ్యం మాత్రం పంపి ఊరుకున్నాం. రేషన్‌లో చోళ్లు కూడా ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: కొండగాలి పీల్చేవాళ్లకి కరోనా రాదు.

కొత్త వైరస్‌కి ఎవరి ఒంట్లోనూ ముందుగా రక్షణ లేదు. పైగా ఇక్కడ రక్తహీనత, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు), మలేరియా ఎక్కువ. వానాకాలంలో జ్వరమంటే ముందు మలేరియా అనుకుంటారు, మలేరియా తేలితే కరోనా పరీక్ష ఎందుకనుకుంటారు. రెండూ కలిసి రావచ్చు. అందుకే రెండు పరీక్షలూ చేయాలి.

అపోహ: మూఢనమ్మకంతో టీకా వేయించుకోలేదు.

2021 మే 1న 18 ఏళ్లు దాటినవాళ్లకి టీకా మొదలైనప్పుడు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలన్నారు. సిగ్నలే లేని ఊళ్లో ఎలా? చెప్పే మాటలేమో తెలుగులో, వినేవాళ్లలో చాలామందిది కువి, ఆదివాసీ ఒరియా. భయం లేదనను, పుకార్లు మన వాట్సాప్‌లో తిరిగినవే అక్కడికీ చేరాయి. కానీ ఒక ఊళ్లో కూర్చుని నిదానంగా అడిగితే అసలు సంగతి తెలిసింది. ఊడ్పుల రోజులు, సూది వేశాక రెండు రోజులు జ్వరమొస్తే పొలానికి ఎవరెళ్తారు? దాంతో మొగుడికి ఈ వారం, పెళ్లానికి పై వారం అని పద్ధతి మార్చాం. మూడు వారాల్లో ఆ ఊరు పూర్తయింది.