ఖండాలు జరిగాయా, ఇరుసు ఒరిగిందా?

రాజమహేంద్రవరం పక్కన కాతేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా. అది చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజపు రేణువులు అప్పటి అయస్కాంత క్షేత్రం ఎటుంటే అటు తిరిగి బిగుసుకుపోయాయి. పైకీ కిందికీ కూడా తిరగగల దిక్సూచి ముల్లు భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా నిలుస్తుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ నిలువుకు వాలుతుంది. కాబట్టి రేణువుల వాలు కొలిస్తే ఆ రాయి ఏ అక్షాంశంలో పుట్టిందో తేలుతుంది. 1950ల్లో ఇదే కాలపు దక్కన్ పీఠభూమి లావా రాళ్లను ఇలా కొలిచి చూస్తే, మన నేల అప్పట్లో భూమధ్యరేఖకు బాగా దక్షిణాన ఉందని బయటపడింది.

అయితే ఒక్క దేశపు రాళ్లతో తగవు తీరదు. నేల జరిగి ఉండొచ్చు, లేదా ఇరుసు అలాగే ఉండగా భూగోళమంతా పక్కకు దొర్లి, నేల మీద ధ్రువం పడే చోటు మారి ఉండొచ్చు.

ఈ సందేహం పాతదే. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. ధ్రువాల కంటే అక్కడ వ్యాసార్ధం 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బే ఇరుసును పట్టి ఉంచుతుంది. భూమి గట్టి ముద్ద అనుకుంటే, నేల ఎంత పైకి లేచినా కుంగినా ధ్రువం కొద్ది డిగ్రీలకు మించి జరగదని 1877లో బ్రిటిష్ గణితవేత్త జార్జ్ డార్విన్ (చార్లెస్ డార్విన్ కొడుకు) లెక్కగట్టాడు. 1912లో ఖండ చలనాన్ని ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ మాత్రం ఖండాలతో పాటు ధ్రువాలూ కదిలాయన్నాడు. 1955లో ఖగోళ శాస్త్రవేత్త థామస్ గోల్డ్ అసలు కీలకం పట్టుకున్నాడు: లక్షల ఏళ్ల లెక్కలో భూమి మెత్తనిది, ఉబ్బు కూడా కొత్త నడుముకు సర్దుకుంటుంది. నున్నటి గోళమైతే ఒక పురుగు నడిచినా ఇరుసు జరుగుతుందన్నాడు.

తీర్పు 1956 ప్రాంతంలో వచ్చింది. ధ్రువమే తిరిగి ఉంటే, అది యుగాల వెంట నడిచిన దారిని అన్ని ఖండాల రాళ్లూ ఒకేలా చూపాలి. బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త కీత్ రంకార్న్ పోల్చి చూస్తే యూరప్ దారి వేరు, ఉత్తర అమెరికా దారి వేరు. అట్లాంటిక్‌ను మూసి రెండు ఖండాలనూ దగ్గరకు జరిపితే ఆ దారులు కలిశాయి. ఖండాలు నిజంగానే జరిగాయి. ధ్రువ సంచారం, అంటే భూగోళమంతా దొర్లడం, కూడా ఉంది, కానీ చాలా నెమ్మదిగా.

ఇక్కడ చాలామంది పొరబడే మాటొకటుంది. ఇలా జరిగేది ఇరుసు నేలను తాకే చోటు. రుతువులను నడిపే 23.4 డిగ్రీల వాలు వేరు, ఖండాల కదలిక దాన్ని ఒరగదొయ్యదు.

ఆ తాకే చోటు ఇప్పటికీ జరుగుతూనే ఉంది, 20వ శతాబ్దంలో సుమారు 10 మీటర్లు. 1993–2010 మధ్య మనుషులు తోడేసిన భూగర్భజలమే దాన్ని 80 సెంటీమీటర్ల దాకా నెట్టిందని 2023లో లెక్క తేలింది. అందులో వాయవ్య భారతంలోని బోర్ల వాటా పెద్దది.