పియర్‌హెడ్: కార్డిఫ్ రేవులో కూల్చకుండా వదిలిన ఎర్ర భవనం

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో, కార్డిఫ్ బే తీరాన, వేల్స్ పార్లమెంటు సెనెద్ పక్కనే, క్లాక్ టవర్‌తో ఉన్న ఎర్రటి భవనమే పియర్‌హెడ్. ఇప్పుడు దాన్ని వేల్స్ వారసత్వానికి గుర్తుగా చూపిస్తున్నారు. కట్టినప్పుడు మాత్రం అది ఒక కంపెనీ ఆఫీసు.

స్కాట్లాండ్ మూలాలున్న బ్యూట్ వంశానికి కార్డిఫ్‌లో విస్తారంగా భూములుండేవి. ఆ వంశపు ప్రభువు, రెండో మార్క్విస్ (ప్రభువుల బిరుదు), సొంత డబ్బు పెట్టి కట్టించిన రేవు 1839లో తెరుచుకుంది. 1841కల్లా మెర్థిర్ లోయ నుంచి రైలు కూడా వచ్చేసింది. ఇక బొగ్గు కొండల మీంచి దిగి ఓడలెక్కడమే. 1801లో రెండు వేల మంది కూడా లేని ఊరు వందేళ్లలో లక్షన్నర దాటింది.

రేవు కంపెనీ పాత ఆఫీసు 1892లో కాలిపోయింది. దాని స్థానంలో 1897లో వచ్చిందే పియర్‌హెడ్. కార్డిఫ్ కోట పనుల్లో చేయి తిరిగిన విలియం ఫ్రేమ్ దీని ఆర్కిటెక్ట్. ఉత్తర వేల్స్‌లోని రువాబన్ నుంచి తెప్పించిన టెర్రకోట (కాల్చిన మట్టి) వల్లే ఆ ఎరుపు. గోడ మీద ఒక ఫలకం ఉంది. అందులో ఒక రైలింజన్, ఒక ఓడ, ‘నీటితో, నిప్పుతో’ అనే వెల్ష్ మాట. ఆవిరితో నడిచిన ఆ వ్యాపారమంతా అందులోనే ఉంది. బొగ్గు తవ్విన మనిషి మాత్రం లేడు.

ఆ లోటు చిన్నది కాదు. 1913లో ఈ రేవుల నుంచి కోటి టన్నులకు పైగా బొగ్గు వెళ్లింది. అంత ఎగుమతి మళ్లీ ఎప్పుడూ జరగలేదు. అదే ఏడాది అక్టోబర్ 14న, కార్డిఫ్‌కు ఉత్తరాన సెంగ్‌హెనిద్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. ఓడల మీద పనిచేసిన సోమాలీలు, యెమెనీలు, భారతీయ లస్కర్లు (నావికులు) రేవు పక్కనే టైగర్ బేలో ఉండేవారు. 1919లో వాళ్ల మీద దాడులు జరిగాయి.

బొగ్గు వ్యాపారం పడిపోయాక రేవులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మొదటి రేవు 1964లో మూసేశారు. టైగర్ బే పాత ఇళ్లను మురికివాడల తొలగింపు పేరుతో పడగొట్టారు. పారిశ్రామిక, నౌకాయాన చరిత్ర కోసం 1977లో తెరిచిన మ్యూజియం కూడా 1998లో మూతపడింది. అక్కడ ఇప్పుడు షాపులు, రెస్టారెంట్లు. పియర్‌హెడ్ గడియారానికి 1973లో ఎలక్ట్రిక్ మోటార్ బిగించి, అసలు యంత్రాన్ని ఒక అమెరికన్‌కు అమ్మేశారు. 2005లో గానీ అది తిరిగి రాలేదు.

1997 రెఫరెండంలో 50.3 శాతంతో, అంచు మీద గెలిచి, వేల్స్ సొంత అసెంబ్లీ తెచ్చుకుంది. ఇప్పటి సెనెద్ అయిన ఆ అసెంబ్లీ పియర్‌హెడ్ పక్కనే కొలువుదీరింది. కంపెనీ భవనం అలా ప్రజల చేతికొచ్చి, 2010లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. గని కార్మికుల ఇళ్లకు, నావికుల వీధులకు దక్కని రక్షణ ఈ ఒక్క భవనానికి దక్కింది. కాబట్టి లోపల బ్యూట్ వంశం కన్నా వాళ్లకే ఎక్కువ చోటు ఇవ్వాలి.