వెనక బ్రేక్ పడట్లేదా? నట్టు తిప్పేముందు ఒక్కసారి చూడండి

బండి స్టాండ్ వెయ్యకముందే "అన్నా, వెనక బ్రేక్ కొంచెం బిగించవా" అంటారు. బిగించడం అర నిమిషం పని, కానీ చాలాసార్లు జబ్బు అక్కడ ఉండదు.

అపోహ: నట్టు బిగిస్తే బ్రేక్ పడుతుంది.
వాస్తవం: పెడల్ మరీ కిందికి పోతుంటేనే బిగించాలి. చాలా డ్రమ్ బ్రేక్ బళ్ళకి పెడల్ దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ప్లే (బ్రేక్ పట్టేముందు పెడల్ ఖాళీగా దిగే దూరం) ఉండాలి, అది కూడా లేకుండా బిగించేస్తే షూలు (డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) ఎప్పుడూ డ్రమ్ముకి రాసుకుంటూనే ఉంటాయి, డ్రమ్ము కాలిపోద్ది, వేడికి బ్రేక్ ఇంకా తగ్గుద్ది, మళ్ళీ వచ్చి బిగించమంటారు. చైన్ టైట్ చేశాక కూడా ఈ ప్లే చూడాలి, ఎందుకంటే చక్రం వెనక్కి జరిగితే పెడల్ నుంచి వచ్చే బ్రేక్ రాడ్డు దానంతటదే టైట్ అవుతుంది.

ఎవర్నైనా పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమని మీరు చక్రం పక్కన కూర్చోండి. రాడ్డు పట్టి లాగే చిన్న ఆర్మ్ ఉంటుంది కదా, తొక్కినప్పుడు ఆ రెండింటి మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గర్లో ఉంటే కాలి బలమంతా షూలకి అందుతుంది. ఆర్మ్ బాగా ముందుకి వాలిపోయిందంటే లైనింగ్ (షూ మీద డ్రమ్ముకి రాసుకునే పొర) అయిపోవచ్చిందని అర్థం, పక్కన అరుగుదల చూపించే గుర్తు ఉంటే అదీ చూడండి. కొందరు ఆర్మ్ ఊడదీసి ఒక పన్ను వెనక్కి జరిపి బిగిస్తారు, దయచేసి అది చేయించుకోకండి. అలా చేసిన బండి ఒకటి నా దగ్గరికొచ్చింది, విప్పితే ఒక షూకి లైనింగే లేదు, ఉత్త లోహం రాసుకుని డ్రమ్ములో గోరు ఆనేంత గాడి పడింది. గుర్తు మాత్రం ఇంకా బాగుందనే చూపిస్తోంది! అది చూసి నాకు నిజంగా భయమేసింది.

అపోహ: లైనింగ్ మందంగా ఉంటే షూలు బాగున్నట్టే.
వాస్తవం: అద్దంలా మెరుస్తుంటే పట్టు ఉండదు, ఎమరీ పేపర్‌తో పైపైన రుద్దాలి. ఆయిల్ గానీ గ్రీజు గానీ పీల్చుకుంటే మాత్రం మార్చడమే, ముందు ఎక్కణ్ణుంచి కారుతోందో పట్టుకోవాలి. షూలని తెరిచే కామ్ ఎండిపోయి పట్టేసినా పెడల్ బరువెక్కుతుంది, శుభ్రం చేసి చిటికెడు గ్రీజు చాలు. లోపలి దుమ్ముని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

అపోహ: కొత్త షూలు వేసినా బ్రేక్ లేదంటే డూప్లికేట్ మాల్.
వాస్తవం: అవి డ్రమ్ముకి పూర్తిగా ఆనుకోడానికి టైం పడుతుంది, అప్పటిదాకా నిదానంగా నడపండి. డ్రమ్ము లోపల అచ్చు వేసిన కొలత దాటి అరిగిపోతే మాత్రం ఏ షూ వేసినా దండగే.

అపోహ: డిస్క్ బ్రేక్‌కి ప్యాడ్లు మారిస్తే చాలు.
వాస్తవం: పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే పైపులో గాలి ఉంది, బ్లీడింగ్ చెయ్యాలి, అంటే ఆ గాలిని బయటికి తియ్యాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ లాగేస్తుంది, డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. చైన్ స్ప్రే కొట్టేటప్పుడు డిస్క్‌కి గుడ్డ అడ్డం పెట్టండి, ఆ ఆయిల్ తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు.