కొండల మీద వాన హెచ్చరికను ఎలా చదవాలి?

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు కురుస్తాయని వాతావరణ శాఖ ప్రకటించిన రోజున విశాఖపట్నంలో ఎండ కాస్తూ ఉంటే, ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకొని అరకు ప్రయాణం కట్టేవారు చాలామందే ఉంటారు. నిజానికి ఆ ప్రకటనలోని ప్రతి మాటకూ ఒక నిర్దిష్టమైన కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా అయితే అతి భారీ వర్షం, అది కూడా దాటితే అత్యంత భారీ వర్షం. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని అర్థం. అది వాన విస్తీర్ణాన్ని తెలుపుతుందే తప్ప తీవ్రతను తగ్గించదు. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరు ఉండదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఈ కొలతలో ఇరవై నాలుగు గంటలు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తాయి. మైదానంలో రోజంతా నెమ్మదిగా కురిసిన 100 మిల్లీమీటర్లను చెరువులూ పొలాలూ చాలావరకు ఇముడ్చుకుంటాయి; అదే నీరు కొండ మీద రెండు గంటల్లో పడితే గెడ్డ (కొండవాగు) ఒక్కసారిగా పొంగుతుంది. ఒక చదరపు కిలోమీటరు వాలు మీద 100 మిల్లీమీటర్ల వాన అంటే 10 కోట్ల లీటర్ల నీరు. దానిలో నేల పీల్చుకోలేనిదంతా ఇరుకైన గెడ్డలోకే దిగాలి. అందువల్ల కొండ ప్రాంతం వారు మొత్తం వర్షపాతంతో పాటు అది ఎంత సేపట్లో పడుతుందన్నది కూడా గమనించాలి. మూడు గంటల వరకు వర్తించే తక్షణ సూచనలు ఇందుకే ఉన్నాయి.

బంగాళాఖాతం మీది తేమగాలి తూర్పు కనుమలను తాకి పైకి లేస్తుంది, పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడిన గాలి తన తేమను మోయలేక వానగా వదులుతుంది. అరకు దారిలోని అనంతగిరి వైపు వాలు మీద కుండపోత కురుస్తున్నప్పుడు శిఖరానికి ఆవలి పల్లెలో తుంపర మాత్రమే పడవచ్చు. జిల్లా మొత్తానికి ఒకే రంగు పూసిన హెచ్చరిక పటంలో ఇంత సూక్ష్మమైన తేడా కనిపించదు. ఆ రంగు కూడా వాన పరిమాణానికి నేరుగా గుర్తు కాదు. పసుపు గమనిస్తూ ఉండమనీ, నారింజ సిద్ధంగా ఉండమనీ, ఎరుపు వెంటనే చర్య తీసుకోమనీ చెబుతుంది.

రాడార్‌కూ కొండ అడ్డే. విశాఖలోని కైలాసగిరి మీద వానను పసిగట్టే డాప్లర్ రాడార్‌కు అరకు దాదాపు 80 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రంగా ఉండడం వల్లా, రాడార్ తన రేడియో కిరణాన్ని కాస్త పైకి ఎత్తి పంపడం వల్లా అంత దూరం వెళ్లేసరికి అది రాడార్ కంటే సుమారు ఒక కిలోమీటరు ఎత్తున సాగుతుంది. మధ్యలో ఎత్తైన శిఖరం ఉంటే దాని వెనుక తక్కువ ఎత్తులో కురిసే వాన రాడార్‌కు చిక్కకపోవచ్చు. తెరపై మేఘం కనిపించలేదన్నంత మాత్రాన ఘాట్ రోడ్డు పొడిగా ఉందనుకోవడం సరికాదు.

తుపాను హెచ్చరికలు తీరానికే పరిమితమని భావించడం మరో పొరపాటు. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ గాలులు లోపలికి సాగి, ఏజెన్సీలో కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చివేశాయి.

వేసవి సాయంత్రాల పిడుగుల విషయం వేరు. వీటికి గంటల ముందు కచ్చితమైన చోటు చెప్పడం కష్టం కాబట్టి, మండలాల వారీగా వచ్చే సందేశాలతో పాటు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన, దగ్గర్లోని పిడుగుల ముప్పును ఫోన్‌లో తెలిపే దామిని యాప్ ఉపయోగపడుతుంది. సిగ్నల్ అందని పల్లెలో మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి కాక పక్కా ఇంట్లోకి చేరాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు.

కొండచరియల ముప్పు మాత్రం వానతో పాటే తొలగిపోదు. నాలుగైదు రోజుల ముసురుకు నానిన మట్టి బరువెక్కి, దాని రేణువుల మధ్య పట్టు సడలుతుంది. ఆ స్థితిలో ఓ మోస్తరు జల్లు కూడా వాలును జార్చగలదు. కాబట్టి ఇవాళ్టి హెచ్చరిక పసుపే అయినా, గడచిన వారమంతా వాన కురిసి ఉంటే, రోడ్డు వెడల్పు కోసం నిలువుగా కోసిన గట్టు కింద వాహనం నిలపకూడదు. గట్టుపై కొత్త పగుళ్లు, వంగిన చెట్లు, ఉన్నట్టుండి బురద రంగుకు మారిన ఊటనీరు కనిపిస్తే, పటం ఏ రంగులో ఉన్నా అక్కడి నుంచి తప్పుకోవాలి.